చావుపుట్టువుల చిట్టా: దాని పూర్వోత్తరములు

ప్రాణుల చావుపుట్టువులను వ్రాయువాడు చిత్రగుప్తుడని పురాణములు చెప్పుచున్నవి. ఆయన చిట్టాలో పొరపాటుండదు. ఒక్క పద్దైనను తప్పిపోదు. కాని యా చిట్టా యమధర్మరాజు కొలువు దాటి వెలికి రాదు. దానిని చూచి రేపటి చావును తప్పించుకొనుటకు మానవునకు వీలు లేదు. అందుచేత మానవుడు తన చిట్టా తానే వ్రాసికొనవలసి వచ్చినది. ఇది లోపములు గల చిట్టా. లంచమునకు, భయమునకు, సోమరితనమునకు లోబడిన చిట్టా. ఐనను లెక్కకు మిక్కిలి ప్రాణములను నిలిపినది ఈ చిట్టాయే. కావున దాని చరిత్ర తెలిసికొనదగినది.

మన దేశమున లెక్క వ్రాయుట క్రొత్త కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రము పేరు వినుటయే కాని చాలకాలము గ్రంథము దొరకక యుండెను. మైసూరు ప్రాచ్య గ్రంథాలయమునకు చేరిన తాళపత్ర ప్రతినుండి ఆర్. శామశాస్త్రిగారు దానిని 1909 లో ముద్రించిరి. అందు గోపుడను ఉద్యోగి కలడు. ఐదు గాని పది గాని గ్రామముల లెక్క అతని యధీనము. ఇండ్లెన్ని, వానిలో బాలురెందరు, వృద్ధులెందరు, వారి వృత్తులేవి, ఆదాయవ్యయములెంత అనునవి అతడు వ్రాసి యుంచవలెను. నగరములో నెవడైన రహస్యముగా గాయమునకు చికిత్స చేయించుకొన్నచో వైద్యుడు ఆ సంగతిని గోపస్థానికులకు తెలుపవలెను. తెలుపనిచో తానును దోషియే. కాని యీ విధి నేరస్థుని పట్టుటకే గాని రోగము నాపుటకు కాదు. ఆ కాలపు లెక్క పన్ను కొఱకు, శాసనము కొఱకు. ఆరోగ్యము కొఱకు లెక్క అను తలంపు తరువాతి కాలమున పుట్టినది.

అది మొలకెత్తిన చోటు లండను నగరము. ప్లేగు భయముచే అచ్చటి చర్చి గుమస్తాలు పేటవారీగా వారము వారము మరణముల జాబితాలు కూర్చుచుండిరి. 1603 నుండి ఇవి తెంపు లేక వెలువడినవి. శవమును చూచి చావునకు కారణము చెప్పు పని వృద్ధస్త్రీలది. జాన్ గ్రాంటు అను బట్టల వర్తకుడు ఈ జాబితాలను ప్రోగుచేసి, కూడి, తీసివేసి, 1662 లో ఒక గ్రంథము ప్రకటించెను. ఏ రోగము ఏటేట ఒకే తీరున నుండునో, ఏది యొక్కుమ్మడి పెరుగునో, పసిబిడ్డలెందరు పోవుచున్నారో అతని లెక్కవలన లోకమునకు తెలిసినది. సవాయిరోగము వంటివానిని దాచుటకు బంధువులు ఆ వృద్ధస్త్రీలకు పానము, చిల్లర ముట్టజెప్పుచున్నారని కూడ అతడే కనిపెట్టెను. చిట్టాను నమ్ముట ఎంత ముఖ్యమో, సందేహించుట అంతే ముఖ్యమని గ్రాంటు నేర్పిన పాఠము.

ఇంగ్లండులో 1837 నుండి ప్రభుత్వమే చావుపుట్టువులను నమోదు చేయసాగెను. విలియం ఫార్ అను పండితుడు ఆ కచేరీలో చేరి మరణకారణములకు వర్గములేర్పరచెను. 1854 లో లండను సోహో పేటలో కలరా చెలరేగినపుడు జాన్ స్నో అను వైద్యుడు ఆ కచేరీని ఆశ్రయించెను. మూడు దినములలో జరిగిన 83 మరణముల జాబితా వ్రాసికొని యింటింటికి తిరిగి విచారింపగా, చాలమంది బ్రాడ్ వీథిలోని యొక్క పంపు నీరు త్రాగినవారని తేలెను. సెప్టెంబరు 8 వ తేదీన ఆ పంపు పిడి తీసివేయబడెను. అప్పటికే కలరా తగ్గుముఖము పట్టియున్నది నిజమే. కాని నీటివలన కలరా వ్యాపించునను సత్యము ఆ జాబితానుండియే బలపడినది.

భారతదేశమున ఈ లెక్క మొదట సిపాయిల కొఱకు పుట్టినది. ఇచ్చటి బ్రిటిషు సైన్యములో ఏటికి వేయింటికి 69 మంది చనిపోవుచుండిరి. కారణము విచారించుటకు 1859 లో రాయల్ కమీషను ఏర్పడెను. 1863 లో నివేదిక వెలువడెను. ఫ్లారెన్సు నైటింగేలు, ఫార్ ఇందు ఎంతయో పాటుపడిరి. సిపాయి ఆరోగ్యము చుట్టుపట్ల ప్రజల యారోగ్యమును బట్టియుండునని తేలగా, సానిటరీ అధికారులు నియమింపబడిరి. మద్రాసు రాజధానిలో నమోదుకు 1899 లో 3 వ చట్టము చేయబడెను. ఉత్తరదేశమున చౌకీదారు చేసిన పనిని ఇచ్చట గ్రామోద్యోగులు చేసిరి. శిస్తు జమాబంది, అడంగలు, సాగు లెక్కల ప్రక్కనే ఈ పుస్తకమును చేరినది.

ఆ పుస్తకములో కారణపు గళ్లు కొద్ది: కలరా, మశూచి, ప్లేగు, జ్వరము, అతిసారము, శ్వాసరోగము, గాయములు, ఇతరములు. వైద్యుడు చూడని చావునకు కారణము చెప్పవలసినవాడు వైద్యము నెరుగని గ్రామోద్యోగి. ఒడలు కాలి చనిపోయినవారందరును జ్వరపు గడిలో చేరిరి. దేశమంతటను అన్నిటికంటె పెద్ద గడి ఇదియే. 1897 ఆగస్టు 20 వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. కాని గ్రామపు పుస్తకములో మలేరియాయు, సన్నిపాతజ్వరమును, క్షయయు ఒకే పేరున సాగినవి.

ఐనను ఇట్టి లోపపు లెక్కయు వ్యర్థము కాలేదు. 1908 లో పంజాబున విషజ్వరము ప్రబలెను. క్రిస్టఫర్సు అను వైద్యుడు ఠాణా ఠాణాకు మరణముల లెక్క తీసి దేశపటముపై గుర్తించి 1911 లో ప్రకటించెను. కారణపు గడిని అతడు నమ్మలేదు. నెలనెలకు సంఖ్య ఎంత పెరిగెనన్నదే చూచెను. అతివృష్టియు, ధాన్యపు కరవును కలిసిన చోట్ల చావులు మిక్కుటమని దానివలన తేలెను. పేరు తప్పినను తేదీయు, తలల లెక్కయు సరిగానున్నచో చిట్టా పలుకును.

అది మూగవోయిన సందర్భమును కలదు. 1918 లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినపుడు వ్రాయవలసినవారే మంచము పట్టిరి. దేశమున ఎందరు చనిపోయిరో నేటికిని నిర్ణయము లేదు. కోటి ఇరువది లక్షలనుండి రెండు కోట్ల వరకు అంచనాలున్నవి. 1921 జనాభా లెక్కలో దేశపు జనసంఖ్య పదేండ్ల క్రిందటికంటె తగ్గినదని తేలినపుడే ఆ నష్టము పూర్తిగా కనబడినది.

లోపమెంతో తెలిసికొనుటకు 1949 లో చంద్రశేఖరన్, డెమింగ్ అను పండితులు ఒక చక్కని యుపాయము చెప్పిరి. బెంగాలులోని సింగూరు గ్రామములలో దానిని పరీక్షించిరి. ఒకే గ్రామపు జననములను ఇద్దరు వేర్వేరుగా వ్రాసిరనుకొందము. మొదటివాని జాబితాలో 80, రెండవవాని జాబితాలో 60, రెండింటిలోను ఉన్నవి 48. రెండవవాడు పట్టిన 60 లో మొదటివానికి దొరికినవి 48. అనగా మొదటివాడు నూటికి 80 చొప్పున పట్టుచున్నాడు. కావున గ్రామములో మొత్తము జననములు 100. ఇద్దరును కలిసి వ్రాసినవి 92. ఇద్దరికిని తప్పినవి 8. ఎవరును చూడనివానిని లెక్క కట్టుట ఇందలి చమత్కారము. అయితే ఇద్దరును ఒకరి పుస్తక మొకరు చూడరాదు. చూచిరేని లెక్క చెడును.

ఈ ద్వంద్వ నమోదు పద్ధతిపైననే భారత ప్రభుత్వము 1964–65 లో ప్రయోగించి, 1969–70 నుండి దేశమంతట మాదిరి నమోదు విధానమును నడుపుచున్నది. ఎంచిన గ్రామములలో స్థానికుడొకడు ఎప్పటికప్పుడు వ్రాయును. ఆరు నెలలకొకసారి పరీక్షకుడు వేరుగా విచారించును. భేదించినవానిని మరల ఇంటికి పోయి తేల్చుదురు. దేశమంతటికిని ఒకే నమోదు చట్టము 1969 లో వచ్చినది. దాని నిబంధనల చొప్పున 21 దినములలోపల వార్త నీయవలెను. ఆంధ్రప్రదేశమున కరణము, మునసబు పదవులు 1984 లో రద్దయ్యెను. చిట్టా మాత్రము చేతులు మారి నిలిచినది.

మశూచి నిర్మూలన కథ ఈ చరిత్రకు కిరీటము వంటిది. రోగులున్నారని వ్రాసిన ఉద్యోగి పైవారి మందలింపునకు గురియగుచుండెను. వ్రాయనివాడు సుఖముగా నుండెను. అందువలన కాగితముమీద రోగము తక్కువ, పల్లెలలో మెండు. 1973 శరత్కాలమున ఉత్తరప్రదేశ్, బీహారులలో ఇల్లిల్లు వెదకగా, చిట్టాకెక్కని రోగులు వేలకొలది బయటపడిరి. వార్త తెచ్చినవానికి దండన బదులు బహుమానము ఏర్పరచిరి. 1975 మే తరువాత ఈ దేశమున మశూచి లేదు. 1980 మే 8 న లోకమంతటను అది నశించినదని ప్రకటింపబడెను. నిజము వ్రాసిన చేతిని రక్షించినందుననే ఈ జయము కలిగినది.

పని ముగిసినదనుకొనరాదు. కోవిడు మరణముల విషయమున 2020, 2021 సంవత్సరములకు ప్రపంచారోగ్య సంస్థ అంచనా 47 లక్షలు; ప్రభుత్వపు లెక్క 4 లక్షల 81 వేలు. సంస్థ అనుసరించిన పద్ధతిని ప్రభుత్వము అంగీకరింపలేదు. చిట్టా పరిపూర్ణమై యున్నచో ఈ వాదమునకు తావే యుండకపోవును. 2020 లో నమోదైన మరణములలో వైద్యుడు కారణము ధ్రువపరచినవి నూటికి 22 చిల్లర మాత్రమే. తక్కినవారు ఏ రోగముచే పోయిరన్న ప్రశ్నకు జవాబు లేదు. పాత జ్వరపు గడి పేరు మార్చికొని నేటికిని నిలిచియున్నది.

గ్రంథాలయము పూర్వుల మాటలను దాచును. చావుపుట్టువుల చిట్టా పూర్వుల యునికినే దాచును. శామశాస్త్రిగారి చేతికందిన తాళపత్ర మొక్కటి చెదలు తినియున్నచో కౌటిల్యుని మాట ఆనాడు మనకు అందకపోవును. అట్లే పుట్టి పది దినములకే పోయిన పసికందును వ్రాయకున్నచో, ఆ బిడ్డ యేల పోయెనని అడుగువాడే యుండడు. అడుగువాడు లేనిచోట మందు రాదు, మంత్రసానికి శిక్షణ రాదు, మంచినీళ్ల బావియు రాదు. కావున ఇంట శిశువు పుట్టినను, పెద్దలు గతించినను, పురిటిస్నానమునకును పదునొకండవ నాటి కర్మకును ఎట్లు దినము తప్పరో, అట్లే నమోదుకును దినము తప్పకుండుట గృహస్థధర్మము. తోచిన కారణము గాక తెలిసిన కారణము చెప్పుట ఇంటివారి వంతు. చెప్పినది చెప్పినట్లు వ్రాయుట వ్రాయసకాని వంతు. వ్రాసినందుకు వానిని దండింపకుండుట ప్రభువుల వంతు. ఈ ముగ్గురిలో ఏ యొక్కరు తప్పినను చిట్టా తప్పును.