బేతేలు: నయంకాని జబ్బుకు ఒక ఇల్లు

మత్తయి సువార్త పదిహేడో అధ్యాయంలో ఒక తండ్రి తన కొడుకును యేసు దగ్గరకు తీసుకువస్తాడు. ఆ పిల్లవాడు ఉన్నట్టుండి నిప్పులోనో నీటిలోనో పడిపోతుంటాడు. తెలుగు బైబిలు అతణ్ణి ‘చాంద్రరోగి’ అంటుంది. చంద్రుడి వృద్ధిక్షయాలకూ మూర్ఛలకూ ముడిపెట్టిన ప్రాచీన గ్రీకు నమ్మకం ఆ మాటలో మిగిలి ఉంది. ఆయుర్వేదం ఈ జబ్బును అపస్మారం అంది. జనం మూర్ఛ అన్నారు, ఫిట్స్ అన్నారు, పడిపోయినవాడి చేతిలో తాళాల గుత్తి పెట్టారు. సువార్తలోని పిల్లవాడు ఆ గడియలోనే బాగుపడ్డాడు. బాగుపడని వారి మాటేమిటి? పంతొమ్మిదో శతాబ్దపు జర్మనీలో కొందరు విశ్వాసులు ఈ ప్రశ్నను తమ మీద వేసుకున్నారు.

వెస్ట్‌ఫాలియా ప్రాంతంలోని బీలెఫెల్డ్ పట్టణం పక్కన 1867లో ప్రొటెస్టంట్ క్రైస్తవులు మూర్ఛరోగుల కోసం ఒక ఆశ్రమం ప్రారంభించారు. మొదటి ఇల్లు ఒక పాత రైతు లోగిలి. దానికి ఎబెనెజరు అని పేరు పెట్టారు. తర్వాత రోగులకు సేవచేసే సోదరీమణుల నిలయం సారెపతు అయింది, సోదరుల నిలయం నజరేతు అయింది, గుడి సీయోను అయింది. మొత్తం ఊరికి బేతేలు అన్న పేరు స్థిరపడింది. రాయి తలగడగా పెట్టుకుని పడుకున్న యాకోబు కల కన్న చోటది; ఆ మాటకు దేవుని ఇల్లు అని అర్థం. తెలుగునాట ఊరూరా చర్చిల మీద కనిపించే ఈ పేర్లు అక్కడ ఆసుపత్రి వార్డుల చిరునామాలు.

ఈ ఊరికి రూపమిచ్చినవాడు ఫ్రీడ్రిష్ ఫాన్ బోడెల్‌ష్వింగ్ (1831–1910). పారిస్‌లో బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన జర్మన్ కూలీల మధ్య పాస్టరుగా పనిచేసి, 1864లో డెల్విగ్ అనే పల్లెకు వచ్చాడు. 1869 జనవరిలో ఆయన, భార్య ఈడా రెండు వారాల వ్యవధిలో తమ నలుగురు పిల్లలనూ పోగొట్టుకున్నారు. ఆ ఇంట్లోకి వచ్చింది కోరింత దగ్గు. నేడు ఒక టీకాతో ఆగే జబ్బు అది. ఆ రోజుల్లో ఏ వైద్యుడి దగ్గరా దానికి మందు లేదు. పిల్లల జీవితం గురించి, మరణం గురించి ఆ తండ్రి ఒక చిన్న పుస్తకం రాశాడు. తనకు ఇతరుల పట్ల కనికరం నేర్పింది ఆ దుఃఖమేనని తరువాతి కాలంలో చెప్పుకున్నాడు. మూడేళ్ళ తర్వాత, 1872లో, బేతేలు బాధ్యత తీసుకున్నాడు.

అప్పటికి మూర్ఛకున్న మందు ఒక్కటే, బ్రోమైడ్. 1857లో లండన్‌లో చార్లెస్ లొకాక్ దాని సంగతి బయటపెట్టాడు. ఫిట్స్ తగ్గించేది కానీ మనిషిని మత్తులో ముంచేది, ఒంటినిండా పొక్కులు తెచ్చేది. అందుచేత బేతేలులో చికిత్స అంటే ప్రధానంగా మూడు: ఉండడానికి ఇల్లు, చేయడానికి పని, పక్కన మనిషి. తోటలో, పొలంలో, బట్టలు కుట్టే చోట, పుస్తకాలు బైండు చేసే చోట ఎవరి శక్తికి తగిన పని వారికి ఉండేది. పడిపోయినా పనిలోంచి తీసేసేవారు కాదు. ఇంట్లో చీకటి గదిలో ఉంచిన మనిషికి ఇది ఎంతటి మందో మూర్ఛరోగుల కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. పాత బట్టలు, విరిగిన సామాన్లు ఊళ్ళనుంచి సేకరించి బాగుచేసి అమ్మే పద్ధతి కూడా బేతేలులో పెట్టారు. అయిదు రొట్టెల కథలో మిగిలిన ముక్కలను ఏరమన్న మాట దానికి ఆధారం.

జర్మన్ భాషలో ‘హైలన్’ అంటే నయంచేయడం, ‘హైల్’ అంటే రక్షణ, శుభం. ఒకే మూలం. ఆ ‘హైల్’ 1933 తర్వాత ఎవరి పేరుకు ముందు నినాదమైందో తెలిసిందే.

ఆ కథకు వేరు ఇంకా వెనక్కి, ఫ్రైబుర్గ్ నగరంలోని ఒక మానసిక వైద్యశాలలో ఉంది. 1912లో అక్కడ పనిచేస్తున్న యువ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ హౌప్ట్‌మన్ ఫీనోబార్బిటాల్ మూర్ఛలను అదుపు చేస్తుందని కనిపెట్టాడు. పేద దేశాలలో నేటికీ వాడుతున్న మందు అది. ఆ వైద్యశాల అధిపతి ఆల్‌ఫ్రెడ్ హోఖె, న్యాయశాస్త్రవేత్త కార్ల్ బిండింగ్‌తో కలిసి 1920లో, బతకడానికి తగని జీవితాలను అంతం చేయడానికి అనుమతి ఉండాలని పుస్తకం ప్రచురించాడు. యూదు మూలాలున్న హౌప్ట్‌మన్ తర్వాత దేశం విడిచి అమెరికా పోవలసివచ్చింది. హోఖె పుస్తకం ప్రభుత్వ విధానమైంది.

తండ్రి పేరే పెట్టుకున్న చిన్నకొడుకు, ఫ్రిట్స్ అని పిలిచేవారు, అప్పుడు బేతేలు అధిపతి. 1933 ఆగస్టులో ఒక విశ్వాస ప్రకటన రాయడానికి యువ వేదాంతి డీట్రిష్ బోన్‌హోఫర్ అక్కడికి వచ్చి, ఆరాధనలో రోగుల మధ్య కూర్చున్న అనుభవాన్ని తన నాయనమ్మకు ఉత్తరంలో రాశాడు. ఆ వేసవిలోనే నిర్బంధ వంధ్యీకరణ చట్టం వచ్చింది. వంశపారంపర్య మూర్ఛ ఆ జాబితాలో ఉంది. బేతేలు దాన్ని ఎదిరించలేదు. సంస్థ వైద్యులు వెయ్యికి పైగా రోగులకు ఆ శస్త్రచికిత్సలు చేశారు. ఇది భయంతో మాత్రమే జరిగింది కాదు. నాటి వైద్యశాస్త్రం చెప్పినదాన్ని విశ్వాసులు శాస్త్రమనే నమ్మారు. తండ్రి కాలంలో మనిషికి విలువకట్టడానికి నిరాకరించిన ఇల్లు, కొడుకు కాలంలో ఆ లెక్కకు మొదటిసారి తలవంచింది.

రెండోసారి అడిగినది ప్రాణాలు. 1940 వేసవిలో రోగుల వివరాలు నింపి పంపమని బెర్లిన్ నుంచి మూడు వేల దాకా ఫారాలు వచ్చాయి. అవి ఎందుకో ఫ్రిట్స్‌కు తెలుసు, నింపలేదు. ఆయన సహచరుడు పాస్టర్ పౌల్ బ్రౌనె హత్యల ఆధారాలు కూర్చి జులైలో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు, ఆగస్టులో అరెస్టయ్యాడు. ఫ్రిట్స్ బహిరంగంగా మాట్లాడలేదు. ఉత్తరాలు రాశాడు, అధికారులను కలిశాడు, హిట్లర్ సొంత వైద్యుడు, ఈ పథకం సారథి కార్ల్ బ్రాంట్‌తో వాదించాడు. ఇతరులతో సంబంధం కలిగి ఉండలేని వారి బతుకు బతుకు కాదన్నది అవతలివారి తర్కం. సంబంధం రెండు వైపుల నుంచీ ఉంటుందని, అవతలి మనిషితో కలవగల శక్తి తనకుందా అన్నదే ప్రశ్న అని, అలా కలవలేని మనిషి తనకింతవరకు ఎదురుకాలేదని ఫ్రిట్స్ జవాబు. వేదాంత గ్రంథాలలో కన్నా ఈ జవాబులో బేతేలు విశ్వాసం స్పష్టంగా కనిపిస్తుంది. డెబ్బై ఏళ్ళు రోగులతో ఒకే బల్ల దగ్గర తిన్న ఊరు మాత్రమే అనగల మాట అది.

1941 ఫిబ్రవరిలో వైద్యుల బృందం వచ్చి రోగులను పరిశీలించింది. అంతకు ముందే బేతేలు వైద్యులు తమ రోగులను వర్గాలుగా విభజించి పెట్టారు. వీలైనంతమందిని కాపాడాలనే చేశారు కానీ, విభజించడమంటూ చేశారు. ఆగస్టు 3న మ్యున్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ ప్రసంగ వేదిక మీదినుంచి ఈ హత్యలను ఖండించాడు. అదే నెల 24న విషవాయు కేంద్రాలను ఆపమని హిట్లర్ ఆజ్ఞాపించాడు. అప్పటికి పోయిన ప్రాణాలు వారి లెక్కల ప్రకారమే 70,273. ఆ తర్వాత కూడా ఆకలితో, మందులతో చంపడం ఇతర ఆసుపత్రులలో సాగింది. న్యూరెంబర్గ్ విచారణలో బ్రాంట్, తనకు ఎదురైన ఒకే ఒక గట్టి హెచ్చరిక బోడెల్‌ష్వింగ్‌దేనని గుర్తుచేసుకున్నాడు. 1948లో అతణ్ణి ఉరితీశారు. ఫ్రిట్స్ అంతకుముందే, 1946 జనవరి 4న, కన్నుమూశాడు.

బేతేలు రోగులలో అత్యధికులు బతికి బయటపడ్డారు. అయితే 1940 సెప్టెంబరులో యూదు రోగులను విడిగా అప్పగించమని ఉత్తర్వు వచ్చింది. ఫారాల విషయంలో చూపిన పట్టుదల అప్పుడు సరిపోలేదు. ఏడుగురిని వున్‌స్టార్ఫ్ ఆసుపత్రికి తరలించారు. అదే నెలలో అక్కడినుంచి బ్రాండెన్‌బర్గ్‌కు తీసుకుపోయి విషవాయువుతో చంపారు. వారు కూడా ఆ ఊళ్ళోనే ఉండి, ఆ బల్లల దగ్గరే తిన్నవారు.