కొలువు మాని భూప్రదక్షిణ – వెనుకటి యాత్రికులు చూసుకొన్న లెక్కలు

“కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం” అని మన పెద్దలు అనేవారు. ఈ మాట ఊరికే భయపెట్టడానికి పుట్టింది కాదు. దారిలో దొంగలు, వంతెనలు లేని నదులు, అడవి జ్వరాలు. ఏడాది గడచినా ఇంటికి కబురు అందని రోజులు. అందుచేత కాశీయాత్రకు బయలుదేరేవాడు అప్పులు తీర్చి, పొలం పుట్ర ఒకరికి అప్పగించి, బంధుమిత్రులందరి వద్ద సెలవు పుచ్చుకొని మరీ గడప దాటేవాడు. తిరిగివస్తే ఊరంతటికీ సమారాధన చేసేవాడు. ఈ ఆచారంలో భక్తి ఎంత ఉన్నదో, ముందుచూపు కూడా అంతే ఉన్నది.

ఇప్పుడు మన ఇండ్లలో క్రొత్త మాట ఒకటి వినబడుతున్నది. బి. మల్లాపురం, బొమ్మిడి ప్రాంతాలలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు చదువులు ముగించి హోసూరు, బెంగళూరు, చెన్నై నగరాలలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారిలో అక్కడక్కడ ఒకరు సెలవులకు ఇంటికి వచ్చి, “ఉద్యోగం మానేసి ఒక్కడినే ప్రపంచమంతా చుట్టి వస్తాను” అంటున్నారు. ఈ మధ్య ఆడపిల్లలు కూడా అంటున్నారు. తల్లికి కంటనీరు, తండ్రికి కోపం. పెండ్లిలో పెండ్లికొడుకు గొడుగు పట్టుకొని కాశీయాత్రకు బయలుదేరితే బావమరిది ఎదురువచ్చి బతిమాలి వెనుకకు తీసుకువస్తాడు. ఈ యాత్రకు ఆ సౌకర్యం లేదు!

రైల్వేలో గుమాస్తాగా పనిచేస్తున్న నాకూ ఈ కోరిక లేకపోలేదు. రోజంతా ఇతరులు పోయే ఊర్ల పేర్లు వ్రాసేవాడికి తానూ పోవాలని తోచడం వింత కాదు. అయితే పిల్లల పక్షమో పెద్దల పక్షమో వహించి వాదించే ముందు, నిజంగా దూరయాత్రలు చేసినవారు ఎట్లా సిద్ధపడ్డారో చరిత్రలో చూడటం మంచిదని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మొదట మన తెలుగువాడినే చూద్దాం. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరు, అనగా దుబాసి. పెద్ద కొలువు, పట్నంలో గొప్ప పలుకుబడి. ఆయన 1830 మే 18వ తేదీన మద్రాసు విడిచి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. పోయేటప్పుడు తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశి చేరారు. వచ్చేటప్పుడు గయ, పాట్నా, కలకత్తా, పూరీ, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా వచ్చారు. పదిహేను నెలలకు పైబడిన ప్రయాణం. అప్పటికి మన దేశంలో ప్రయాణీకుల రైలు అన్నది లేదు.

ఇందులో మనం గమనించవలసిన సంగతులు మూడున్నవి. ఒకటి, ఆయన కొలువును తెంచుకొని పోలేదు, సెలవు పుచ్చుకొని పోయారు. రెండు, ఆయన ఒంటరి కాదు. పరివారమంతా కలిసి సుమారు నూరుమంది. ఇంతమందికి ప్రతి మజిలీలో నీరు, బియ్యం, నీడ దొరకాలి. అందుకే ఆయన తన దినచర్యలో ఏ ఊరు ఎంత దూరం, దారి ఎట్లాంటిది, అంగళ్ళు ఉన్నవా, నీటివసతి ఎట్లా ఉన్నది అని ఓపికగా వ్రాసుకొన్నారు. మూడు, ఈ వివరాలన్నీ ఎప్పటికప్పుడు మద్రాసులోని తన మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా పంపారు. శ్రీనివాసపిళ్ళగారు వాటిని పదిలపరచబట్టి, వీరాస్వామయ్యగారు 1836లో కాలం చేసినా, 1838లో “కాశీయాత్ర చరిత్ర” అచ్చయింది. తరువాత 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని మళ్ళీ ప్రకటించారు. ఇంటివద్ద జాబులు దాచే మనిషి ఒకరు లేకపోతే ఆ యాత్ర మనకు మిగిలేది కాదు.

ఇక భూప్రదక్షిణ సంగతి. మొదటిసారి భూమిని చుట్టివచ్చిన యాత్ర మెగెల్లన్ పేరున ప్రసిద్ధమైనది. 1519 సెప్టెంబరులో ఐదు ఓడలలో రెండువందల మందికి పైగా స్పెయిను నుంచి బయలుదేరారు. మెగెల్లన్ 1521లో ఫిలిప్పీన్ దీవులలో పోరాటంలో చనిపోయాడు. 1522 సెప్టెంబరులో ఒకే ఓడ తిరిగివచ్చింది. బయలుదేరినవారిలో అందులో మిగిలినవారు పద్దెనిమిదిమంది. దారిలో వారికి ఒక వింత ఎదురయింది. తమ పుస్తకంలో బుధవారం వ్రాసి ఉన్నది, కేప్ వెర్డి దీవులలో దిగి అడిగితే గురువారం అన్నారు! పడమరగా భూమిని చుట్టినందున ఒక దినం వారి లెక్కలోనుంచి జారిపోయింది. 15 డిగ్రీలకు ఒక గంట చొప్పున 360 డిగ్రీలకు 24 గంటలు. తూర్పుగా పోతే ఒక దినం ఎక్కువ తేలుతుంది, పడమరగా పోతే ఒకటి తరుగుతుంది. మన రైళ్ళు ఒకప్పుడు మద్రాసు టైము ప్రకారం నడిచి, 1906లో ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చిన తరువాత దానికి మారిన సంగతి రైల్వేవారికి తెలుసు. ప్రయాణీకుడు ఇటువంటి మార్పు ప్రతి వారమూ చేసుకోవలసి ఉంటుంది.

సామాన్యునికి భూప్రదక్షిణ సాధ్యమైనది 1869 తరువాతనే. ఆ ఏడాది మే నెలలో అమెరికాలో రెండు తీరాల రైలుదారి కలిసింది, నవంబరులో సూయజు కాలువ తెరిచారు. 1870లో బొంబాయి, కలకత్తాలకు రైలు కలిసింది. అంతకుముందే, 1862 నాటికి, మద్రాసు నుంచి పడమటి తీరాన బేపూరు దాకా రైలు పడింది. మన బొమ్మిడి మీదుగా పోయే జోలార్‌పేట–సేలం లైను ఆ దారిలోని భాగమే. అనగా లోకాన్ని దగ్గర చేసిన ఆ తరపు ఇనుపదారులలో ఒకటి మన ఊరి ప్రక్కనే ఉన్నదన్నమాట. 1872లో థామస్ కుక్ అనే ఇంగ్లీషువాడు కొందరు యాత్రికులను వెంటబెట్టుకొని లోకం చుట్టించాడు. 1889 నవంబరులో నెల్లీ బ్లై అనే అమెరికను పత్రికా విలేఖరి ఒక్కతే, ఒక్క చేతిసంచితో బయలుదేరి 72 రోజులలో చుట్టివచ్చింది. మన ప్రక్కనున్న కొలంబోలో ఓడకోసం ఐదు రోజులు కాచుకొన్నది కూడా అందులో చేరినదే. అయితే ఆమె ఉద్యోగం మానలేదు, ఉద్యోగమే ఆమెను పంపింది.

చేతిలో డబ్బు చాలని ఒంటరివాడి కథ థామస్ స్టీవెన్సుది. 1884 ఏప్రిలులో శాన్‌ఫ్రాన్సిస్కోనుంచి ఎత్తైన ముందుచక్రం గల సైకిలు మీద బయలుదేరాడు. మూట అంతా కలిపి మేజోళ్ళు, ఒక మారు చొక్కా, ఒక వానకోటు, ఒక పిస్తోలు. ఆ వానకోటే రాత్రి డేరా. ఆ చలికాలం న్యూయార్కులో ఆగినప్పుడు ఒక పత్రిక అతన్ని విలేఖరిగా పెట్టుకొన్నది. ఆ జీతమే మిగతా ప్రయాణాన్ని మోసింది. ఆఫ్ఘనిస్తానంలో అధికారులు ముందుకు పోనివ్వక వెనుకకు పంపారు. అతడు వెనుదిరిగి, ఓడమీద హిందూదేశం చేరి, లాహోరునుంచి కలకత్తా దాకా గ్రాండ్ ట్రంకు రోడ్డున సైకిలు త్రొక్కి, చివరకు 1886 డిసెంబరులో యోకొహామాలో యాత్ర ముగించాడు. కాళ్ళలో ఎంత సత్తువ ఉన్నా చేతిలో అనుమతి కాగితం లేకపోతే సరిహద్దు దగ్గర నిలిచిపోవలసిందే.

కొలువు పోయిన పిమ్మట ఒంటరిగా లోకం చుట్టినవారిలో జాషువా స్లోకం పేరు ముందు చెప్పాలి. ఆయన తెరచాప ఓడల కెప్టెను. ఆవిరి ఓడలు వచ్చి ఆ పని చేసేవారి అవసరం తగ్గింది. యాభై ఏండ్ల దగ్గర చేతిలో పని లేదు. ఒక మిత్రుడు పొలంలో పడి ఉన్న పాత పడవ నొకదాన్ని ఇచ్చాడు. స్లోకం పదమూడు నెలలు తన చేతులతోనే దానిని తిరిగి కట్టుకొన్నాడు. అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు అని సెంట్లతో సహా తన పుస్తకంలో వ్రాశాడు. గడియారానికి ఒక డాలరు. అద్దం పగిలినందున బేరం కుదిరింది. 1895 ఏప్రిలు 24న బోస్టను విడిచి, మూడేండ్లు దాటిన తరువాత 1898 జూన్ 27న న్యూపోర్టు చేరాడు. ప్రయాణం సుమారు 46,000 మైళ్ళు. సూయజు మీదుగా తూర్పుకు పోదామనుకొన్నవాడు, సముద్రపు దొంగల భయం ఉన్నదని జిబ్రాల్టరులో నౌకాధికారులు చెప్పగా పడమర దారి పట్టాడు. దక్షిణ అమెరికా కొసన ఒక కెప్టెను ఆయనకు ఒక సంచెడు చిన్న మేకులు ఇచ్చాడు. వాటిని డెక్కుమీద చల్లి పడుకొంటే, రాత్రి చప్పుడు లేకుండా పడవ ఎక్కినవారు కేకలు పెట్టి పారిపోయారు. మిత్రుడిచ్చిన పడవ, పరాయివాడిచ్చిన మేకులు, తెలిసినవారు చెప్పిన సలహా. ఒంటరి యాత్రలోనూ ఇంతమంది చేయి ఉన్నది.

మన దేశస్థులూ వెనుకబడలేదు. 1923 అక్టోబరులో బొంబాయినుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళ మీద బయలుదేరగా, ముగ్గురు 1928 మార్చిలో పూర్తి ప్రదక్షిణ చేసి వచ్చారు. 2009 ఆగస్టులో నౌకాదళానికి చెందిన దిలీప్ దొందే ముంబయినుంచి ఒంటరిగా తెరచాప పడవలో బయలుదేరి 2010 మేలో తిరిగివచ్చి, అట్లా చేసిన మొదటి భారతీయుడయ్యాడు. 2017 సెప్టెంబరు 10న గోవానుంచి తారిణి అనే పడవలో ఆరుగురు నౌకాదళ మహిళలు వెళ్ళి, 2018 మే 21న వచ్చారు. వారిలో ఇద్దరు తెలుగు ఆడపడుచులు – విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటి. వారు ఒక్కరోజులో పడవ ఎక్కలేదు. ముందుగా ఏండ్ల తరబడి సముద్రం మీద శిక్షణ పొంది, ఆ తరువాత ఎక్కారు.

ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో మనం ముందుగా వినేది ఆదాయ వ్యయాలు. యాత్రకు పోయేవాడికీ అవే మొదటివి. ప్రయాణానికి ఎంత అవుతుందన్నది సగం లెక్క మాత్రమే. తిరిగివచ్చిన తరువాత క్రొత్త పని దొరికేదాకా ఎట్లా గడుస్తుంది, ఇంటికి నెలనెలా పంపే సొమ్ము ఎవరు పంపుతారు, చెల్లెలి పెండ్లి బాకీ ఎవరు కడతారు అన్నది మిగతా సగం. సర్కారు కొలువులో ఉన్నవారికి ఇంకొక లెక్క ఉన్నది. పాత పెన్షను నిబంధనల క్రిందివారు రాజీనామా ఇస్తే అంతవరకు చేసిన సర్వీసు పెన్షనుకు లెక్కకు రాకుండా పోతుంది. స్వచ్ఛంద విరమణకు ఇరవై ఏండ్ల సర్వీసు కావాలి. నాకు అంత నిండలేదు. కనుక రాజీనామా కాగితం వ్రాసే ముందు, జీతంలేని సెలవు దొరుకుతుందేమో అడిగి చూడటం వివేకం. వీరాస్వామయ్యగారు చేసింది అదే.

తరువాత కాగితాలు. చాలా దేశాలు పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలంటాయి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాలలో పచ్చజ్వరం ఉన్న దేశాలకు పోయేవారు కనీసం పది రోజుల ముందు టీకా వేయించుకొని ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. అది లేకుండా అక్కడినుంచి మన దేశం వస్తే ఆరు రోజుల దాకా విడిగా ఉంచగలరు. వీసాలు వరుసగా దొరికే దారి చూసి టిక్కెట్లు కొనాలిగాని, టిక్కెట్లు కొని వీసాలకు పరుగెత్తరాదు.

మూడవది ఇంటివారికి జాబు. ఇప్పుడు చేతిలో ఫోను ఉన్నది, క్షణంలో మాట్లాడవచ్చు. అయినా ఏ తేదీన ఏ ఊరిలో ఉండేది, బ్యాంకు కాగితాలు, బీమా కాగితాలు ఎక్కడున్నవి, ఆపద వస్తే ఎవరిని పిలవాలి అన్నది ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఇంటిలో ఒకరి చేతికి ఇచ్చి పోవాలి. ప్రతి యాత్రికునికీ ఒక శ్రీనివాసపిళ్ళ ఉండాలి.

పెద్దలకు ఒక మనవి. మన ముత్తాతలు కూడా ఒకనాడు కన్న ఊరు విడిచి ఈ అరవనాడుకు వచ్చినవారే. వారిని ఆపి ఉంటే మనం ఈ ఉగాది పచ్చడి ఇక్కడ తినేవారం కాము. కనుక పిల్లవాడు లోకం చూస్తానంటే వెంటనే కోపపడక, “లెక్క చూపించు” అనండి. పిల్లలకు ఒక మనవి. అమ్మానాన్న లెక్క అడిగితే అడ్డుపడుతున్నారనుకోకండి. కూర్చొని చూపించండి. ఆ లెక్క తేలకపోతే ఒక ఏడాది ఆగి మరికొంత కూడబెట్టండి. అది తేలిననాడు, మిమ్మల్ని బొమ్మిడి స్టేషనులో రైలెక్కించడానికి మీ అమ్మానాన్నలే వస్తారు.

మన సంఘ సభ్యులందరికీ, వారి కుటుంబాలకూ ఈ నూతన సంవత్సరం సకల శుభములు చేకూర్చుగాక!