పంక్తి వేసిన వెంగమాంబ

జుట్టు తీయించాల్సిందేనని తరిగొండ పెద్దలు పట్టుబట్టారు. భర్త పోయాక ఇంకా ఆ పసుపుకుంకుమలేంది, ఆ పూలేంది అని ఊరంతా గుసగుసలు. వాయల్పాడు దగ్గరి ఆ ఊళ్లో 1730లో కానాల కృష్ణయ్యకు పుట్టిన వెంగమాంబ మాత్రం తల వంచలేదు. తన పెనిమిటి వేంకటేశ్వరుడని, ఆయన ఉండగా తనకు వైధవ్యం లేదని తెగేసి చెప్పింది. కన్నవాళ్లు నలిగిపోయారు. చివరికి ఆమె ఊరు విడిచి తిరుమల కొండెక్కింది. మా సీమలో తరతరాలుగా చెప్పుకునే కథ ఇది.

ఆమె గురించి చెప్పేవాళ్లు ఆమె రాసిన కావ్యాల దగ్గరే ఆగిపోతారు. నాకు ఆమె వెలిగించిన పొయ్యి ఇంకా గొప్పగా కనిపిస్తుంది. నృసింహ జయంతికి పది రోజులు యాత్రికులకు అన్నం పెట్టించింది, చలిపందిళ్లు వేయించింది. అదెంత పనో ఆలోచించండి. కొండకు బండ్లెక్కే ఘాట్ రోడ్డు వచ్చిందే 1944లో. ఆమె 1817లోనే కన్నుమూసింది. బియ్యం, బేడలు, ఉప్పు, చింతపండు, ఏ మూటైనా కాలిబాటనే రావాలి. దాతల్ని అడగాలి. కట్టెలు, నీళ్లు సమకూర్చాలి. వంటవాళ్లనూ వడ్డించేవాళ్లనూ కుదుర్చుకోవాలి. వాన పడితే పొయ్యి ఆరకుండా చూసుకోవాలి. వితంతువు ఎదురొస్తేనే అపశకునమనే రోజుల్లో, శుభకార్యాల్లో మూలన ఉండమన్న ఆడమనిషి తానే ముందుండి ఊరూరి జనానికి పంక్తి వేసింది! తిరుపతిలో, చిత్తూరులో కొత్తగా హోటలు తెరిచే పిల్లలు ముందు ఆమె కథ తెలుసుకోవాలి. గల్లాపెట్టె దగ్గర కూర్చునే యజమానికి కనపడనివి వడ్డించే వరసలో నిలబడితే కనపడతాయి. సాంబారు పలచబడితే తినేవాడి మొహంలోనే తెలుస్తుంది.

ఆమె పోయిన చాన్నాళ్లకు, 1985 ఏప్రిల్ 6న అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీ రామారావు తిరుమలలో నిత్యాన్నదానం మొదలుపెట్టారు. తొలినాళ్లలో రోజుకు రెండు వేల మందికి భోజనం. 2011లో ప్రారంభమైన పెద్ద భవనానికి వెంగమాంబ పేరే పెట్టారు. నాలుగు హాళ్లు, ఒక్కోదాంట్లో వెయ్యి మంది. ఆకు మీద చక్కెర పొంగలి పడుతుంది, ఆ వెంటే పొగలు కక్కే అన్నం. పక్కన కూర్చున్న పిల్లోడు అన్నంలో గుంట చేసుకుని సాంబారు బకెట్టు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటాడు. శ్రీవారి సేవకులు నడుం వంచి ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ వడ్డిస్తారు. కులం అడగరు, ఊరు అడగరు, రూపాయి తీసుకోరు. దాతల సొమ్ము బ్యాంకులో ఉంటుంది, దాని వడ్డీతో పొయ్యి వెలుగుతుంది. 2025 మార్చిలో ఆ ఆకులో మసాలా వడ కూడా చేరింది, ఉల్లి, వెల్లుల్లి లేకుండా.