జూనియర్ సివిల్ జడ్జి కోర్టు

జూనియర్ సివిల్ జడ్జి కోర్టు ఆంధ్రప్రదేశ్ సివిల్ న్యాయవ్యవస్థలో మొదటి మెట్టు. పూర్వం దీనిని జిల్లా మునసబు కోర్టు అనేవారు. దీనిపై సీనియర్ సివిల్ జడ్జి కోర్టు, ఆపైన జిల్లా కోర్టు, అన్నిటికన్న పైన హైకోర్టు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ సివిల్ కోర్టుల చట్టం, 1972 ఈ కోర్టుల అధికారాలను నిర్ణయించింది. జూనియర్ సివిల్ జడ్జి కోర్టు విచారణాధికారం పరిమితమైనది. ఆ పరిమితి తెలియక తగని కోర్టులో దావా వేసిన కక్షిదారు కాలమూ, ధనమూ నష్టపోవుట కద్దు.

విచారణాధికారాన్ని నిర్ణయించే అంశాలు

సివిల్ ప్రొసీజర్ కోడ్, 1908లోని 9వ సెక్షను ప్రకారం, చట్టం నిషేధించిన వాటిని మినహాయించి సివిల్ స్వభావం గల అన్ని వివాదాలనూ సివిల్ కోర్టులు విచారించవచ్చును. అయితే ఏ కోర్టు విచారించాలన్నది మూడు అంశాలపై ఆధారపడి ఉంటుంది.

స్థలం: స్థిరాస్తి దావాను సాధారణంగా ఆస్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే వేయాలి. హిందూపురం వాసికి కర్ణాటకలోని గౌరిబిదనూరులో పొలం ఉంటే, కేవలం ఆ పొలం హక్కుపై వచ్చిన తగాదాను హిందూపురం కోర్టు తేల్చజాలదు. కాని రెండుచోట్లా భూములున్న కుటుంబం భాగపంపిణీ దావాను రెండింటిలో ఏదో ఒకచోట వేయవచ్చును (17వ సెక్షను). పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. కాని రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టుల ఎల్లలు వాటంతట అవే మారవు. వాటిని ప్రభుత్వం హైకోర్టును సంప్రదించి వేరుగా ప్రకటించాలి.

విలువ: 2018 నాటి సవరణ ప్రకారం రూ. 20 లక్షల వరకు విలువ గల దావాలు జూనియర్ సివిల్ జడ్జి పరిధిలోనివి. అంతకు మించి రూ. 50 లక్షల వరకు సీనియర్ సివిల్ జడ్జి, ఆపైన జిల్లా కోర్టు విచారిస్తాయి. దావా విలువను కోర్టు రుసుములు, దావాల విలువల చట్టం, 1956 ప్రకారం లెక్కిస్తారు. అది అన్ని సందర్భాలలోనూ ఆస్తి మార్కెట్టు ధర కానక్కరలేదు.

విషయం: విలువ ఎంత తక్కువైనా కొన్ని వివాదాలను చట్టం పై కోర్టులకో ప్రత్యేక సంస్థలకో అప్పగించింది.

విచారించదగినవి

ప్రామిసరీ నోటు బాకీలు, అద్దె బకాయిలు, భాగపంపిణీ, గట్టు తగాదాలు, దారి హక్కు, శాశ్వత నిషేధ ఉత్తర్వు, విక్రయ ఒప్పందం అమలు మొదలైనవి విలువకు లోబడి ఈ కోర్టులో వేయవచ్చును. గ్రామ పంచాయతీ ఎన్నికలపై పిటిషన్లను విచారించే ట్రిబ్యునల్ కూడా ఈ స్థాయి న్యాయాధికారియే.

చాలా చోట్ల ఒకే న్యాయాధికారి మొదటి తరగతి మేజిస్ట్రేటు బాధ్యత కూడా నిర్వహిస్తారు. ఆ హోదాలో చెల్లని చెక్కు కేసులు, మనోవర్తి, గృహహింస పిటిషన్లు విచారిస్తారు. ధర్మవరం పట్టుచీరల నేతగాడికి బెంగుళూరు వ్యాపారి ఇచ్చిన చెక్కు చెల్లకపోతే, నేతగాడు బెంగుళూరు వెళ్ళనవసరం లేదు. ఆ చెక్కును తన ఖాతాలో జమకు వేసిన బ్యాంకు శాఖ ధర్మవరంలో ఉంటే, 2015 సవరణ ప్రకారం ఫిర్యాదు అక్కడే చేయాలి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారం మొదటి తరగతి మేజిస్ట్రేటు మూడేళ్ళకు మించి జైలుశిక్ష విధించజాలరు. హత్య వంటి కేసులను సెషన్స్ కోర్టుకు పంపాలి.

విచారించరానివి

* విడాకుల పిటిషన్లు.
* ట్రేడ్‌మార్కు, భౌగోళిక గుర్తింపు ఉల్లంఘన దావాలు. ధర్మవరం పట్టుచీరలకు భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఆ పేరుతో నకిలీ చీరలు అమ్మేవారిపై ఉల్లంఘన దావాను జిల్లా కోర్టుకు తక్కువ కాని కోర్టులోనే వేయాలి.
* 2013 భూసేకరణ చట్టం కింద పరిహారం పెంపు కోరే వివాదాలు.
* చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అన్న తీర్పు. అటువంటి ప్రశ్న ఎదురైతే హైకోర్టుకు నివేదించాలి.

భూమి హక్కు - రెవెన్యూ అధికారులు

రైతులకు ఎక్కువగా అయోమయం కలిగించేది ఈ విషయమే. పాసుపుస్తకంలో పేరు చేర్చుట, సవరించుట తహసీల్దారు పని. దానిపై అప్పీలు రెవెన్యూ డివిజనల్ అధికారికి చేసుకోవాలి. అయితే ఆ నమోదు వేరే విధంగా రుజువయ్యే వరకే నిజమని భావించబడుతుంది. భూమి ఎవరిదన్న హక్కు వివాదాన్ని తేల్చేది సివిల్ కోర్టు. 1971 పాసుపుస్తకాల చట్టంలోని 8వ సెక్షను హక్కు ప్రకటన కోరుతూ దావా వేయుటకు అవకాశమిచ్చింది.

2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ ల్యాండ్ టైట్లింగ్ చట్టం ఈ వివాదాలను సివిల్ కోర్టుల నుండి తప్పించి ప్రత్యేక అధికారులకు అప్పగించదలచింది. సన్నకారు రైతుకు దగ్గరలోని న్యాయస్థానం దూరమవుతుందని న్యాయవాదులు రాష్ట్రమంతటా విధులు బహిష్కరించి ఆందోళన చేశారు. 2024 జూలైలో శాసనసభ ఈ చట్టం రద్దు బిల్లును ఆమోదించింది.

తగని కోర్టులో వేసిన దావా

విషయంపై అధికారం లేని కోర్టుకు కక్షిదారులిద్దరూ అంగీకరించినా అధికారం రాదు. స్థలం, విలువలపై అభ్యంతరాన్ని మాత్రం మొదటి అవకాశంలోనే చెప్పాలి. తనకు అధికారం లేదని తేలినప్పుడు కోర్టు వాదపత్రాన్ని తగిన కోర్టులో దాఖలు చేయుటకు తిరిగి ఇస్తుంది. సద్భావంతో, తగిన శ్రద్ధతో దావా నడిపి అక్కడ గడిపిన కాలాన్ని కాలపరిమితి చట్టంలోని 14వ సెక్షను కింద మినహాయించుకొనవచ్చును. ప్రామిసరీ నోటు వంటి మూడేళ్ళ గడువు గల వాటికి ఈ మినహాయింపు చాలా ముఖ్యము.

తీర్పు విలువ, అప్పీలు

పరిధి చిన్నదైనంత మాత్రాన తీర్పు చిన్నది కాదు. ఈ కోర్టు తన అధికారంలో అంతిమంగా తేల్చిన అంశాన్ని, అదే కక్షిదారులు తరువాత పెద్ద కోర్టులో వేసే దావాలో సైతం తిరగదోడరాదని 1976లో 11వ సెక్షనుకు చేర్చిన వివరణ తెలుపుతున్నది. తీర్పుపై మొదటి అప్పీలు పై కోర్టులో వేయాలి. ముఖ్యమైన న్యాయసూత్రం ఇమిడి ఉన్నప్పుడే హైకోర్టులో రెండవ అప్పీలుకు వీలుంటుంది. లోక్ అదాలత్‌లో రాజీపడి పొందిన అవార్డుపై అప్పీలు లేదు.