సముద్రమును లోనికి పిలిచిన లాకులు

బెల్జియము పడమటి తీరమందలి నీయూపోర్ట్ పట్టణములో, ఆరు జలమార్గములు ఒక్కచోట గూడి సముద్రమునకు దారితీయు లాకుల చెంత, వలయాకారమైన యొక మహామండపము నడుమ గుఱ్ఱమునెక్కియున్న ప్రథమ ప్రపంచ సంగ్రామకాలపు రాజైన ఆల్బర్టు విగ్రహమును చూచినప్పుడు, రాజస్మారకమును రాజధానియందు గాక ఈ తూముల తలుపుల యొద్ద ఏల కట్టిరో యని నేను మిక్కిలి ఆశ్చర్యపడితిని.

ప్రథమ ప్రపంచ సంగ్రామమనగానే మనవారికి మార్న్, వెర్డున్, సోమ్ యుద్ధములే స్ఫురించును. 1914 ఆగస్టులో లియేజ్ నగరము చుట్టునున్న 12 దుర్గములు జర్మను సేనను 16వ తేదీ దాక పూర్తిగా లొంగక నిలువరించుటయు, హాలెన్ వద్ద బెల్జియను ఆశ్వికులు గుఱ్ఱములు దిగి తుపాకులతో శత్రువుల అశ్వదళమును మరలించుటయు మన పాఠ్యపుస్తకముల కెక్కలేదు. ఐజర్ నదీతీరపు యుద్ధము సంగతియు నంతే.

అక్టోబరులో ఆంట్వర్ప్ పడిపోగా, అలసిన బెల్జియను సేన ఐజర్ గట్టునకు వచ్చి చేరెను. దాని వెనుక స్వదేశమున మిగిలినది ఒక చిన్న మూల. అదియు పోయినచో శత్రువునకు డంకర్క్, కలే రేవుల దారి తెఱపియగును. రోజుల తరబడి పోరాడి, నదిని గోల్పోయి, సేన నీయూపోర్ట్ నుండి డిక్స్‌మైడెకు పోవు రైలుకట్ట వెనుకకు తగ్గెను. లాకుల కాపరులు అప్పటికే ఊరు విడిచియుండిరి. అట్టి వేళ వ్యూర్నె ప్రాంతపు జలపర్యవేక్షకుడు కారెల్ కొగ్గెయు, హెన్డ్రిక్ గీరార్ట్ అను పడవ సరంగును, ఏ తలుపెత్తిన నీరే పొలమునకు పాఱునో సైనిక ఇంజనీర్లకు చూపిరి. రైలుకట్ట క్రింది తూములను ముందుగా మూసి, పోటు వేళ తలుపులెత్తి సముద్రమును లోనికి విడిచి, పాటు వేళకు మరల దింపుచు, 29వ తేదీ మొదలు కొన్ని రాత్రులు శత్రువునకు చేరువలోనే పని నడపిరి. నీరు ఉప్పెనవలె విరుచుకొని పడలేదు. మెల్లమెల్లగా పొలములనెక్కి, కందకములలో నిండెను. 30న రామ్స్‌కాపెల్లె గ్రామమును పట్టిన జర్మనులు, వెన్నంటి పెరుగుచున్న నీటిని చూచి మరునాడే వెనుదిరిగిరి. ఆ జలదుర్గము 1918 దాక నిలిచినది.

గోదావరి డెల్టాలో పుట్టిన నాకు దీనిని తలచినపుడెల్ల గుండె పట్టుకొనును. శివారు ఊళ్లలో మురుగుకాలువ వెంట ఉప్పునీరు ఎగదన్నినచో, వరిచేలు మాడిపోయి, నేల చవుడుబాఱి, రైతు రెండు మూడు పంటలకైనను కోలుకొనజాలడని మీరెఱుగుదురు. తరతరములుగా కట్టలు వేసి, కాలువలు త్రవ్వి, సముద్రమును వెలుపలనుంచిన బెల్జియము రైతుల పొలములను, ఆ కట్టల మర్మమెఱిగినవారే ఉప్పునకు అప్పగింపవలసివచ్చెను. వారి ధైర్యమునకు నేను చేతులెత్తి మ్రొక్కుదును. కాని ఆ రైతుల దుఃఖమును మరువజాలను.

 

తరువాతి కాలమున బెల్జియమువారు గీరార్ట్ ముఖమును వేయి ఫ్రాంకుల నోటుపై ముద్రించిరి. అట్లే గోదావరి ఆనకట్ట కట్టించిన కాటన్ దొర విగ్రహములు మన డెల్టాలో ఊరూర నున్నవి. కాని వరద రాత్రులలో లాకుల తలుపులు ద్రిప్పిన మన లస్కరుల పేర్లు ఎవరైన వ్రాసియుంచిరా? ఎఱిగినవారు తెలిపినచో కృతజ్ఞుడనగుదును.