పాత లోగిలి - చేతులు మారిన సామాను

మా స్వగ్రామం గోదావరి డెల్టాలోని ఒక చిన్న పల్లె. అక్కడ మా ముత్తాతగారు కట్టించిన మండువా లోగిలి ఒకటి ఉన్నది. గత సంవత్సరం వానకాలంలో ఆ మండువా నైరుతి మూల స్తంభానికి మొదట్లో చెద పట్టి, దానిపై ఆనిన దూలం కొంత కుంగినది. చూడవచ్చిన బంధువులందరూ ఒకే మాట చెప్పినారు: "దీనిని పడగొట్టించి డాబా వేయించు." మా అమ్మగారు మాత్రం, "నేను ఈ ఇంటికే కాపురానికి వచ్చాను నాయనా, ఆ స్తంభం ఒక్కటి నిలబెట్టించు చాలు" అన్నారు.

నేను నెలజీతం మీద బ్రతికేవాడిని. అంత లావు కొత్త టేకు స్తంభం వెల విన్న తరువాత వడ్రంగి మేస్త్రీ ముఖమూ నేనూ ఒకరినొకరు చూచుకొన్నాము. పైగా ఆ ఇల్లు పంపకాలనాడే బోసిపోయినది. పందిరి మంచం ఒకరి వాటాకు, ఉయ్యాల బల్ల మరొకరి వాటాకు, అద్దాల బీరువా ఇంకొకరి వాటాకు పోయినవి. మాకు మిగిలినవి గోడలు, గూళ్ళు, ఒక భోషాణం పెట్టె. అప్పుడు మేస్త్రీ, "పట్టణంలో పాత ఇళ్ళ కలప అమ్మే అడితి ఉన్నది బాబూ, వెళ్ళి చూద్దాం" అన్నాడు. ఈ మాట విని మా పెదనాన్నగారి అబ్బాయి, అన్నయ్య, అభ్యంతరం చెప్పాడు. "ఒకరి ఇల్లు కూలితే వచ్చిన కర్ర మన ఇంట నిలబెట్టడం శుభమేనా? మన పెద్దలు ఎన్నడైనా ఒకరు వాడిన వస్తువు తెచ్చుకొన్నారా?" అన్నాడు.

శుభాశుభముల మాట అటుంచి, రెండవ ప్రశ్న చరిత్రకు సంబంధించినది. మన పెద్దల ఇళ్ళలోని సామాను ఎక్కడినుండి వచ్చినది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకగా నాకు తోచిన కొన్ని సంగతులు ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

ముందుగా ఇంటి సంగతి చూద్దాము. గోదావరి మండలంలో మనము చూచే పెద్ద మండువా లోగిళ్ళలో చాలాభాగం ధవళేశ్వరం ఆనకట్ట తరువాత వచ్చిన సంపదకు ఫలితాలు. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ఆరంభమైన ఆ ఆనకట్ట 1852 నాటికి పూర్తి అయినది. కాలువలు పారినవి, వరి పండినది, ధాన్యం అమ్మిన రైతు చేతిలో రొక్కం నిలిచినది. నాలుగు వైపులనుండి వాలు కప్పులు దిగి, నడుమ ఆకాశం కనబడే చతురస్రం, వాననీరు పడేందుకు గచ్చు చేసిన పల్లం, చుట్టూ స్తంభాలు గల వసారాలు - ఇదీ ఆ ఇంటి స్వరూపం. ఇటువంటి ఇంటికి ప్రాణం కలప. ఆ కలప సముద్రం దాటి వచ్చినది.

1826లో యాందబో సంధి వల్ల తెనాసరిమ్ తీరమూ, 1852 యుద్ధం వల్ల రంగూనుతో కూడిన దిగువ బర్మా ఆంగ్లేయుల వశమైనవి. ఆ అడవుల టేకు బంగాళాఖాతం మీదుగా మన రేవులకు రాసాగినది. అదే నీటిబాటలో ఇక్కడి కూలీలు బర్మాకు పోయినారు. కోరంగి రేవునుండి ఓడ ఎక్కిన కారణాన బర్మాలో తెలుగువారికి 'కోరంగీలు' అనే పేరే స్థిరపడినది. రంగూను రేవులోనూ, ధాన్యపు మిల్లులలోనూ, కోతమిల్లులలోనూ వారు చెమటోడ్చినారు. కనుక మన వసారాలోని రంగూను టేకు స్తంభంలో బర్మా అడవితో పాటు తెలుగు కూలీ శ్రమ కూడా ఇమిడి ఉండవచ్చును. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడినవి. 1942లో లక్షలాది భారతీయులు, వారిలో ఎందరో తెలుగువారు, ఉన్నది ఉన్నచోట విడిచి అడవుల వెంట, కొండల వెంట కాలినడకను తిరిగివచ్చినారు. దారిలో ప్రాణాలు కోల్పోయినవారు వేలకొద్దీ ఉన్నారు. అక్కడ వారు విడిచివచ్చిన ఇళ్ళలోని సామాను ఎవరి ఇళ్ళకు చేరినదో!

ఇక సామాను మాట. మన భాషే ఇందుకు మొదటి సాక్షి. 'వేలం' అనే మాట పోర్చుగీసువారి 'లెయిలాఁవ్' నుండి వచ్చినది. వారికి అది అరబ్బీనుండి సంక్రమించినది. 'అల్మారా' కూడా పోర్చుగీసు మాటే. 'కుర్చీ' అరబ్బీలో పుట్టి, పారసీకం మీదుగా మన వాకిటికి వచ్చినది. వస్తువులవలెనే మాటలు కూడా చేతులు మారి వచ్చినవి. ఈనాడు వాటిని పరాయివి అనేవారు లేరు.

వేలానికీ మన ఇంటి సామానుకూ ఉన్న సంబంధం గట్టిది. మచిలీపట్టణం, విశాఖపట్టణం, చెన్నపట్టణం వంటి చోట్ల కాపురమున్న తూర్పు ఇండియా కంపెనీ ఉద్యోగి బదిలీ అయినా, స్వదేశానికి పోయినా, జ్వరం తగిలి చనిపోయినా, అతని ఇంటి సామాను వేలానికి వచ్చేది. బల్లలు, కుర్చీలు, గాజు దీపాలు, పింగాణీ పళ్ళెములు అన్నీ జాబితా వ్రాసి అమ్మేవారు. కొన్నవారు మొదట తోటి దొరలు. ఆ తరువాత దుబాసీలు, వర్తకులు. ఈ విధంగా ఒకరి భోజనపు బల్ల మరొకరి వ్రాతబల్ల అయినది.

ఈ సందర్భంలో విశాఖపట్టణం పనితనాన్ని తలచుకొనక తప్పదు. 18వ శతాబ్దంలో అక్కడి కంసాలులు నల్లమానులోనూ, ఇరుగుడు కర్రలోనూ దంతం పొదిగి పెట్టెలు, బల్లలు, కుర్చీలు చేసేవారు. తీగెలు, పూవులు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపేవారు. ఆ వస్తువులు దొరల కొరకు చేసినవి. ఓడలెక్కి ఇంగ్లండు చేరినవి. ఈనాడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో వాటిని చూడవచ్చును. అక్కడి వేలంపాటలలో అవి గొప్ప ధరలకు చేతులు మారుతున్నవి. చేసిన ఊరివారి ఇళ్ళలో మాత్రం అవి అపురూపం.

సామాన్య గృహస్థుల ఇళ్ళకు కొత్త అలంకారం తెచ్చినవి రెండు చవుక వస్తువులు. మొదటిది వంపు కర్ర కుర్చీ. మైకేల్ తోనెట్ అనే హస్తకళాకారుడు ఆవిరితో కర్రను మెత్తబరచి వంచే విధానం సాధించి, 1859లో తన 14వ నంబరు కుర్చీని వెలువరించాడు. ఆరు కర్ర ముక్కలు, పది మరలు, రెండు నట్లు - కుర్చీ అంతా ఇంతే. విడదీసిన 36 కుర్చీలు ఒక ఘనమీటరు పెట్టెలో పట్టేవి. ఇటువంటి కుర్చీలు ఆస్ట్రియానుండి దేశదేశాలకు పోయినవి. బొంబాయి ఇరానీ హోటళ్ళకు శోభ తెచ్చినవి. రెండవది రవివర్మ పటం. రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టించి రంగుల రాతిముద్రణ పటాలు తీయించిన తరువాత, అంతవరకు జమీందారుల కొలువుకూటాలలో మాత్రమే ఉన్న చిత్రం రైతు వసారాలోని మేకుకు వ్రేలాడినది. లక్ష్మి, సరస్వతి ఇంటింటికీ వచ్చి నిలిచినారు. కొద్ది ఖర్చుతో ఇల్లు అలంకరించుకొనవలెనన్న కోరిక, చూచితిరా, మనతో పుట్టినది కాదు.

తరువాత పెద్ద ఇళ్ళు చెదరిన కాలం వచ్చినది. మద్రాసు రాష్ట్రంలో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం, హైదరాబాదు రాష్ట్రంలో 1949 నాటి జాగీర్ల రద్దు - ఈ రెండూ జమీందారుల కోటలకూ, నవాబుల దేవిడీలకూ ఆధారమైన శిస్తును తీసివేసినవి. రైతుకు మేలు జరిగినది. అందులో సందేహం లేదు. కాని ఆ భవనాలలోని దీపస్తంభాలూ, నిలువుటద్దాలూ, పింగాణీ కూజాలూ ఒక్కొక్కటిగా బజారుకు దిగినవి. హైదరాబాదులో గురువారంనాడు సాగుతూ వచ్చిన జుమ్మేరాత్ బజారు వంటి చోట్ల పాత సామాను కొనడం ఎందరికో అలవాటు.

ఆ నగరంలోనే ఇందుకు భిన్నమైన కథ కూడా ఒకటి జరిగినది. మూడవ సాలార్ జంగ్, మీర్ యూసుఫ్ అలీ ఖాన్, తన ఆదాయంలో అధికభాగం వస్తుసేకరణకు వెచ్చించి 1949లో సంతానం లేక మరణించాడు. ఆ సంపద చెదరిపోకుండా, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే ప్రదర్శనశాలగా ప్రారంభమైనది. 1968లో మూసీ ఒడ్డున ఉన్న నేటి భవనానికి చేరినది. మనము టిక్కెట్టు కొని చూచి వచ్చే ఆ గడియారాలు, కుర్చీలు, పాత్రలలో ఎన్నో ఒకప్పుడు మరొకరి ఇంటివే.

అయితే, చేతికి దొరికిన పాతదల్లా తెచ్చి ఇల్లు అలంకరించుకొనవచ్చునా? ఇందుకు మన దేశచరిత్రలోనే గొప్ప హెచ్చరిక ఒకటి ఉన్నది. అమరావతి స్తూపాన్ని కోలిన్ మెకంజీ 1797లో చూచేనాటికే, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి కొత్త పట్టణ నిర్మాణం కొరకు ఆ దిబ్బనుండి రాళ్ళు తీసివేస్తూ ఉండిరి. కొన్ని పలకలు మెట్లయినవి, కొన్ని గోడలలో కలిసినవి. 1830 ప్రాంతంలో మచిలీపట్టణం అధికారి రాబర్ట్‌సన్ తాను నిర్మించిన కొత్త బజారు కూడలికి శోభ కలుగవలెనని అమరావతి శిల్పాలను తెప్పించి నిలిపించాడు. ఆయన ఉద్దేశం అలంకారమే. కాని ఒక కూడలికి వచ్చిన అందం, స్తూపానికి తీరని లోటు. తరువాత ఆ శిల్పాలు మద్రాసుకు కొన్ని, లండనుకు కొన్ని చేరినవి. స్తూపం ఉన్నచోట దిబ్బ మిగిలినది.

కనుక విచక్షణ అవసరం. వాడుకకు పుట్టి, వాడుక తీరి, ఇంటివారు తామే అమ్ముకొన్న వస్తువు వేరు. గుడినుండి, సమాధినుండి, శాసనస్థలంనుండి ఊడదీసిన వస్తువు వేరు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం 100 ఏండ్లు దాటిన శిల్పాలు, చిత్రాలు మొదలైనవి పురావస్తువులు. వ్రాతప్రతుల విషయంలో ఈ పరిమితి 75 ఏండ్లు. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండవలెను. మొదటి రకం వస్తువును కొంటే దాని ఆయుర్దాయం పెరుగుతుంది. రెండవ రకం కొంటే దాని చరిత్ర అక్కడితో తెగిపోతుంది.

ఈ వివేకంతోనే మేము పట్టణానికి వెళ్ళాము. అడితిలో స్తంభాలు వరుసగా పడుకోబెట్టి ఉన్నవి. మేస్త్రీ ఒక్కొక్కదానిని సుత్తితో తట్టి చూచాడు. గుల్ల శబ్దం వచ్చినవాటిని విడిచిపెట్టాడు. ఒక మూల కొద్దిగా చెక్కి వాసన చూచాడు. ఎత్తు, చుట్టుకొలత మా ఇంటివాటికి సరిపోయిన స్తంభం ఒకటి దొరికినది. ఏ ఊరిదని అడిగాను. కాలువకు ఆవలి గ్రామంలోని లోగిలిదట. పిల్లలు దూరదేశాలలో ఉండి ఇల్లు అమ్మివేసినారట. కొత్త కలప వెలలో మూడవ వంతుకు అది మాదైనది. అదే వీధిలో రెండు వంపు కర్ర కుర్చీలు, పాదరసం కొంత చెరిగిన అద్దం ఒకటి, ఒక సరస్వతి పటం తీసుకొన్నాము. కుర్చీలకు రంగు వేయించలేదు; పాత వార్నిషు గీకించి నూనె రాయించాము. గోడలకు సిమెంటు పూయవద్దని మేస్త్రీయే చెప్పాడు. సున్నపు గోడ తన చెమ్మను తాను బయటికి వదలుకొంటుంది. దానిపై సిమెంటు పూస్తే చెమ్మ లోపలనే నిలిచి గోడను తినివేస్తుంది. గానుగ సున్నంతోనే మరమ్మతు చేయించాము.

స్తంభం మార్చేనాడు అన్నయ్య కూడా వచ్చి నిలబడ్డాడు. దూలానికి కింద ఊతలు పెట్టి చెడిన స్తంభం తప్పించిన తరువాత, మేస్త్రీ నన్ను పిలిచి దూలం అడుగుభాగం చూపించాడు. అక్కడ రెండు పాత బెజ్జాలు ఉన్నవి. వాటిలో ఏ కూసమూ లేదు. చెక్క ముక్కలతో నింపి, పైన మైనం పట్టించి ఉన్నవి. మా ఇంటి కట్టడంలో వాటికి పని లేదు. "ఇది ముందు మరొక ఇంట పనిచేసిన దూలం బాబూ, మీ ముత్తాతగారు పాతదే కొన్నారు" అన్నాడు మేస్త్రీ. నూరేండ్లకు పైగా మేము ఆ దూలం కిందనే పుట్టినాము, పెండ్లిండ్లు చేసుకొన్నాము. దాని మొదటి ఇల్లు ఎవరిదో మాకెవరికీ తెలియదు.

అన్నయ్య మరి శుభాశుభముల ప్రస్తావన తేలేదు. స్తంభం నిలిచిన తరువాత తానే వెళ్ళి కొబ్బరికాయ కొట్టాడు. ఆ సాయంత్రం అమ్మగారు దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎప్పటివలెనే ఆ మూల చాప వేయించుకొని, ఆ స్తంభానికే ఆనుకొని కూర్చున్నారు. పంపకాలలో వెళ్ళిన ఉయ్యాల బల్ల తన ఇంట అటకమీద ఊరకనే పడి ఉన్నదనీ, వచ్చే పండుగకు తెచ్చి ఇక్కడనే వేయిస్తాననీ అన్నయ్య వెళ్ళేటప్పుడు చెప్పాడు.