సీజరు పేరు, దాని సంతతి
ప్రాచీన రోములో జూలియను వంశమున ఒక శాఖవారి ఇంటిపేరు సీజరు. రోమనులు దానిని 'కైసర్' అని పలికెడివారు. జర్మను 'కైజరు'లో ఆ ఉచ్చారణయే నిలిచినది. క్రీ.శ. 68లో నీరో మరణముతో ఆ కుటుంబపు పాలన అంతరించినను, తరువాతి చక్రవర్తులు ఆ పేరును బిరుదుగా ధరించిరి. స్లావు నాలుకలపై అది అరిగి అరిగి 'జారు' అయ్యెను. 1547లో రష్యాలో నాలుగవ ఐవాను ఆ బిరుదుతోనే పట్టాభిషిక్తుడయ్యెను. బల్గేరియాలో అది 1946 వరకు చెల్లినది. మన దేశమునకు పారసీక వేషమున వచ్చినది: 1877 ఢిల్లీ దర్బారులో విక్టోరియా రాణి 'కైసరె హింద్'గా ప్రకటింపబడెను.

పోలికయున్న ప్రతి పదమును ఈ సంతతిలో చేర్చరాదు. జూలియస్ సీజరు తల్లి కడుపు కోయగా పుట్టెననియు, అందుచేతనే 'సిజేరియను' అను పేరు వచ్చెననియు తరగతులలో చెప్పుట కలదు. ఆనాడు ఆ కోత చనిపోయిన లేక చనిపోవుచున్న తల్లికే జరిగెడిది. అతని తల్లి ఆరేలియాయో, కుమారుడు సేనాని అగువరకు జీవించియుండెను! 'కోయు' అను అర్థముగల లాటిను క్రియనుండి ఆ పదము పుట్టెననుట సమంజసము.

సీసియము మూలకమునకైతే ఈ వంశముతో బొత్తిగా సంబంధము లేదు. 1860లో బున్‌సెన్, కిర్కాఫ్‌లు ఒక ఖనిజజలపు వర్ణపటములో రెండు నీలిరేఖలను చూచి, ఆకాశనీలమునకుగల లాటిను పదముతో దానికి ఆ పేరిడిరి.